గంట ప్రయాణానికి నాలుగు గంటల ఆలస్యం: కారణం అడగాల్సిందే

(హైదరాబాద్‌లో ఒక కాలనీ సంక్షేమ సంఘం ఏర్పాటు చేసిన సమావేశంలో, వినియోగదారుల కేసులు చూసే ఒక న్యాయవాది చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట పనులు పక్కన పెట్టి ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. విమాన ప్రయాణికుల హక్కుల మీద మాట్లాడమని సంఘం వాళ్ళు అడిగారు. అది గంటలో తేలే విషయం కాదు. అందుకని నేను ఒక్క ముక్కకే పరిమితమవుతాను. మన హైదరాబాద్ నుంచి విజయవాడ, తిరుపతి, రాజమండ్రి, విశాఖ, బెంగళూరు వెళ్ళే చిన్న ప్రయాణాల గురించే మాట్లాడతాను. ఈ హాల్లో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది ఎక్కేవి అవే.

లండన్ విమానం రెండు గంటలు లేటైతే విసుక్కుంటాం, ఓర్చుకుంటాం. గన్నవరం వెళ్ళేది రెండు గంటలు లేటైతే విమానం ఎక్కిన ప్రయోజనమే పోతుంది. లెక్క చూడండి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి శంషాబాద్ వెళ్ళడానికి గంట. డొమెస్టిక్ అయినా రెండు గంటల ముందు ఉండమంటారు. గాల్లో గంట. దిగాక గన్నవరం నుంచి బెజవాడ ఊళ్ళోకి ఇంకో ముప్పావు గంట. అంతా కలిపితే దాదాపు అయిదు గంటలు. సికింద్రాబాద్‌లో వందే భారత్ ఎక్కితే నాలుగు గంటలు అటూ ఇటూగా విజయవాడలో ఉంటాం. అంటే విమానం టైమ్‌కి వెళ్ళినా మనకు మిగిలేది పెద్దగా ఏమీ లేదు. లేటైతే పూర్తిగా నష్టమే. అయినా ఎక్కుతున్నాం. సెలవు దొరకదు, రైల్లో సీటు దొరకదు, ఇంట్లో పెద్దవాళ్ళు ఎక్కువసేపు కూర్చోలేరు. ఎవరి అవసరం వాళ్ళది.

ముందు ఈ ఆలస్యం ఎక్కడ పుడుతుందో చూద్దాం. చిన్న ఊళ్ళ రూట్లలో ఎక్కువగా తిరిగేవి ఏటీఆర్ 72 విమానాలు. రెక్కలకు పంకాలు కనిపిస్తాయి చూశారా, అవి. డెబ్బై నుంచి ఎనభై లోపు సీట్లు. అలాంటి ఒక విమానం పొద్దున్నే బయల్దేరి ఒక ఊరికి వెళ్ళి, తిరిగొచ్చి, ఇంకో ఊరికి వెళ్ళి, మళ్ళీ తిరిగొచ్చి, రాత్రి దాకా అలా తిరుగుతూనే ఉంటుంది. నేల మీద ఆగేది అరగంట, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. ఆ కాస్త టైమ్‌లోనే దిగేవాళ్ళు దిగాలి, లోపల శుభ్రం చేయాలి, ఇంధనం నింపాలి, ఎక్కేవాళ్ళు ఎక్కాలి. పొద్దున ఎక్కడో నలభై నిమిషాలు పోతే, గంట ప్రయాణంలో వాటిని తిరిగి రాబట్టుకునే వీలుండదు. ఎండాకాలంలో మన కాలనీకి వచ్చే నీళ్ళ ట్యాంకర్ మొదటి వీధిలో ఇరుక్కుంటే ఆఖరి వీధికి నీళ్ళు ఎప్పుడొస్తాయో మీకు తెలియంది కాదు. ఇదీ అంతే. దీన్ని వాళ్ళు రియాక్షనరీ డిలే అంటారు. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ప్రతి నెలా ఇచ్చే నివేదికలో ఆలస్యాల కారణాలు ఉంటాయి. వాటిలో పెద్ద వాటా దీనిదే. 15 నిమిషాల లోపు ఆలస్యాన్ని వాళ్ళు ఆలస్యంగానే లెక్కపెట్టరు, అది కూడా గుర్తుపెట్టుకోండి. ఇంకో సంగతి, టైమ్‌కి ఎన్ని నడిచాయన్న లెక్క ఆ నివేదికలో హైదరాబాద్ లాంటి కొన్ని పెద్ద విమానాశ్రయాలకే ఉంటుంది. తిరుపతి దగ్గరి రేణిగుంట, రాజమండ్రి దగ్గరి మధురపూడి విమానాశ్రయాల గతి ఏమిటో అందులో దొరకదు.

అందుకే నన్ను ఎవరు సలహా అడిగినా పొద్దున మొదటి విమానానికి కొనుక్కోమంటాను. రాత్రంతా అక్కడే నిలిపి ఉంచిన విమానం కాబట్టి ముందు ట్రిప్పుల లేటు దానికి అంటదు. డిసెంబర్, జనవరి నెలల్లో మాత్రం ఈ సలహా పనిచేయదు. ఆ రోజుల్లో కృష్ణా, గోదావరి డెల్టాల మీద తెల్లవారుజామున పొగమంచు దట్టంగా పడుతుంది. గన్నవరం మీదికి వచ్చిన విమానాలు దిగలేక గాల్లో చక్కర్లు కొట్టడం, కొన్ని వెనక్కి వెళ్ళిపోవడం మీరు పేపర్లో చదివే ఉంటారు. అప్పుడు పది, పదకొండు గంటల విమానం మేలు. ఏప్రిల్ నుంచి వానాకాలం అయ్యేదాకా సాయంత్రాలు శంషాబాద్‌లో ఉరుములు, గాలిదుమారాలు. ఆ నెలల్లో సాయంత్రం విమానానికి పెళ్ళి ముహూర్తం ముడిపెట్టకండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. విమానం లేటైనప్పుడు, క్యాన్సిల్ అయినప్పుడు మన ఫోన్‌కి ఏ మెసేజ్ వస్తుంది? "ఆపరేషనల్ రీజన్స్ వల్ల మీ విమానం ఆలస్యమైంది." మనం అది చూసి కుర్చీలో కూలబడతాం. అక్కడే చాలా పోగొట్టుకుంటున్నాం. ఎందుకంటే మన దేశపు నిబంధనల్లో డబ్బు విషయం దాదాపు అంతా కారణం మీదే ఆధారపడి ఉంది.

ఆ నిబంధనల పుస్తకం పేరు సివిల్ ఏవియేషన్ రిక్వైర్‌మెంట్స్. అందులో సెక్షన్ 3, సిరీస్ ఎం, పార్ట్ 4. 2010లో వచ్చింది, తర్వాత సవరణలు జరిగాయి. డీజీసీఏ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఫోన్‌లో దించి పెట్టుకోండి.

దాని ప్రకారం, రెండున్నర గంటల లోపు ప్రయాణమైతే, అంటే మనం చెప్పుకుంటున్న రూట్లన్నీ, రెండు గంటలు లేటవుతుందని తేలితే భోజనమో టిఫినో పెట్టాలి. మీరు టైమ్‌కి చెక్ ఇన్ చేసి ఉండాలి, అంతే. ఆరు గంటలు దాటి లేటైతే ఆరు గంటల లోపు వెళ్ళే వేరే విమానమైనా చూపించాలి, టికెట్ డబ్బు మొత్తమైనా వెనక్కివ్వాలి. ఏది కావాలో చెప్పేది మీరు. రాత్రి 8 నుంచి తెల్లవారుజాము 3 మధ్య బయల్దేరాల్సిన విమానం ఆరు గంటలు దాటి లేటైతే హోటల్ గది ఇవ్వాలి, అక్కడికి తీసుకెళ్ళాలి, తీసుకురావాలి. లేటుకు పరిహారంగా నగదు మాత్రం ఈ నిబంధనల్లో లేదు. ఇది బాధాకరమైన నిజం. యూరప్‌లో 1500 కిలోమీటర్ల లోపు విమానం మూడు గంటలు లేటుగా చేరి, తప్పు సంస్థదే అయితే 250 యూరోలు చేతికివ్వాలి. మన దగ్గర టిఫిన్ ప్యాకెట్.

క్యాన్సిల్ అయితే లెక్క వేరు. రెండు వారాల ముందే చెప్పేస్తే వేరే విమానం లేదా రీఫండ్. రెండు వారాల లోపు, 24 గంటల ముందు దాకా చెప్పినా అంతే, మీకు నచ్చిన ప్రత్యామ్నాయం లేదా రీఫండ్. అలా చెప్పకుండా ఆఖరి నిమిషంలో రద్దు చేస్తే దానికి తోడు పరిహారం కూడా ఇవ్వాలి. బ్లాక్ టైమ్ గంట లోపైతే 5,000 రూపాయలు, గంట నుంచి రెండు గంటలైతే 7,500, రెండు గంటలు దాటితే 10,000. బ్లాక్ టైమ్ అంటే విమానం ఇక్కడ కదిలిన దగ్గర్నుంచి అక్కడ ఆగే దాకా పట్టే సమయం. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ మొత్తం గానీ, మీ టికెట్‌లోని మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం గానీ, ఏది తక్కువైతే అది. తక్కువ ధరకు కొన్న టికెట్‌కి పరిహారం కూడా తక్కువే.

ఆ పరిహారం కూడా ఎప్పుడు ఇవ్వక్కర్లేదంటే, వాతావరణం, విమానాల రాకపోకల్ని నడిపించే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ (ఏటీసీ), భద్రతా కారణాలు, వరదలు, అల్లర్లు, సమ్మెలు, ఇలా సంస్థ అదుపులో లేనివి కారణమైనప్పుడు. నేను కారణం అడగండి, కారణం అడగండి అని చెబుతున్నది ఇందుకే. కారణం వాతావరణం అయితే పరిహారం లేదు. పైలట్ డ్యూటీ గంటలు అయిపోయి, ఇంకో పైలట్‌ని సిద్ధంగా ఉంచుకోకపోవడం కారణం అయితే పరిహారం అడగొచ్చు. మెసేజ్‌లో రెంటికీ ఒకటే మాట రాస్తున్నారు.

ఒక ఉదాహరణ చెబుతాను. మన కాలనీకి దగ్గర్లోనే ఉండే ఒక దంపతులు, ఇద్దరూ అరవై దాటినవాళ్ళు, తిరుపతి విమానానికి శంషాబాద్ వెళ్ళారు. చేతిలో 300 రూపాయల ప్రత్యేక దర్శనం టికెట్, సాయంత్రం స్లాట్. పొద్దున తొమ్మిదిన్నర విమానం పదిన్నర అన్నారు, తర్వాత పన్నెండు అన్నారు, ఒంటిగంటకు క్యాన్సిల్ అన్నారు. ఆమె పెన్ను తీసి బోర్డింగ్ పాస్ వెనక ప్రతి ప్రకటన టైమ్ రాసుకున్నారు. ఆయన ప్రతి మెసేజ్‌నీ స్క్రీన్‌షాట్ తీశారు. తర్వాత కౌంటర్ దగ్గరికి వెళ్ళి, గొడవ పడకుండా, కారణంతో సహా రద్దు సర్టిఫికెట్ ఇవ్వమన్నారు. ఇలాంటి సర్టిఫికెట్లు అడిగితే ఇస్తారు, ఇన్సూరెన్స్ కోసం చాలామంది తీసుకుంటారు. అందులో వాతావరణం అని రాసి ఇచ్చారు.

ఆ కాగితం నా దగ్గరికి వచ్చింది. ప్రతి పెద్ద విమానాశ్రయం అరగంటకోసారి వాతావరణ రిపోర్టు ఇస్తుంది. దాని పేరు మెటార్. ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు, పాతవి కూడా దొరుకుతాయి. శంషాబాద్ కోడ్ వీఓహెచ్‌ఎస్, తిరుపతిది వీఓటీపీ, గన్నవరానిది వీఓబీజెడ్. ఆ రిపోర్టు వరుసలో 0200 అని ఉండి, తర్వాత ఎఫ్‌జీ అని ఉంటే, 200 మీటర్ల దాకానే కనిపిస్తోంది, పొగమంచు ఉంది అని అర్థం. ఆ రోజు రెండు చోట్లా 6000 అని ఉంది. అంటే ఆరు కిలోమీటర్లు. గాలి లేదు, మబ్బు లేదు. ఆ విమానం అంతకుముందు ఏ ఊరి నుంచి రావాలో ట్రాకింగ్ యాప్‌లో చూశాం. అక్కడా ఎండ కాస్తోంది. ఈ మూడు కాగితాలూ జతచేసి, ఏ విమానాశ్రయంలో, ఏ గంటకు, ఏ వాతావరణం అడ్డుపడిందో చెప్పండి అని ఒకే ఒక ప్రశ్న వేశాం. రెండో ఉత్తరానికి పరిహారం ఇచ్చారు. 7,500 కాదు, మూడు వేల లోపే. ఏది తక్కువైతే అది కదా. పోయిన దర్శనం స్లాట్‌కి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. అయినా ఆ మూడు వేలు వాళ్ళకి రావాల్సినవి, తీసుకున్నారు.

కారణం ఎంత ముఖ్యమో మన దేశం మొత్తానికి తెలిసింది 2025 డిసెంబర్‌లో. పైలట్ల విశ్రాంతి నిబంధనలు మారాయి. వారానికి 36 గంటల విశ్రాంతిని 48 చేశారు, రాత్రి ల్యాండింగులు తగ్గించారు. ఈ మార్పు రాత్రికి రాత్రి రాలేదు. 2024 జనవరిలోనే ప్రకటించారు. రెండో విడత 2025 నవంబర్ 1న అమల్లోకి వచ్చింది. డిసెంబర్ మొదటి వారంలో ఇండిగో విమానాలు వేల సంఖ్యలో రద్దయ్యాయి. శంషాబాద్‌లో సామాన్ల మీద తల పెట్టుకుని పడుకున్న పిల్లల్ని టీవీల్లో చూశాం. మన శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు గారే కేంద్ర విమానయాన మంత్రి. అప్పుడు ప్రభుత్వం టికెట్ ధరలకు పరిమితి పెట్టింది, 500 కిలోమీటర్ల లోపు 7,500 రూపాయలు దాటకూడదని. తర్వాత డీజీసీఏ విచారణ చేసి, 2026 జనవరిలో ఆ సంస్థకు 22.20 కోట్ల రూపాయల జరిమానా వేసింది. సిబ్బందిని సరిపడా సిద్ధం చేసుకోలేదన్నది అక్కడ తేలిన విషయం. వాతావరణం కాదు, ఏటీసీ కాదు. అలాంటి రోజున ఎవరి దగ్గరైనా కారణం రాతపూర్వకంగా ఉంటే దాని విలువ ఎంతో ఆలోచించండి.

కోర్టులు ఏమంటున్నాయని అడుగుతారు. హైదరాబాద్ నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన కేసు ఒకటుంది. 2007 డిసెంబర్‌లో ఒక ప్రయాణికుడు ఢిల్లీ నుంచి హైదరాబాద్ రావాలి. ఢిల్లీలో పొగమంచు. విమానంలోనే గంటల తరబడి కూర్చోవాల్సి వచ్చింది. ఆయన హైదరాబాద్‌లోని శాశ్వత లోక్ అదాలత్‌కి వెళ్ళారు, 10,000 రూపాయల పరిహారం వచ్చింది. హైకోర్టూ సమర్థించింది. 2011లో సుప్రీంకోర్టు ఆ పరిహారాన్ని కొట్టేసింది, పొగమంచు సంస్థ తప్పు కాదు కాబట్టి. అయితే అదే తీర్పులో రెండు మంచి మాటలున్నాయి. కారణం ఏదైనా, చౌక విమానమైనా సరే, ఇరుక్కుపోయిన ప్రయాణికుడికి కనీస సౌకర్యాలు చూడాల్సిందే. ఇక ఢిల్లీ కోర్టుల్లోనే తేల్చుకోవాలని టికెట్ మీద ఉండే షరతు శాశ్వత లోక్ అదాలత్‌కి అడ్డం రాదు. మంచు కురిసింది కదా అని మంచినీళ్ళు ఇవ్వనంటే కుదరదన్న మాట.

రెండోది రైలు కేసు. 2021 సెప్టెంబర్‌లో తీర్పు వచ్చింది. జమ్ము రైలు నాలుగు గంటలు లేటై ఒక కుటుంబం శ్రీనగర్ విమానం అందుకోలేకపోయింది. ఎందుకు లేటైందో, అది తమ చేతిలో ఎందుకు లేదో రైల్వే వాళ్ళే రుజువు చేయాలి, చేయలేకపోతే పరిహారం కట్టాలి అని సుప్రీంకోర్టు తేల్చింది. రైలు గురించే అయినా, విమానం కేసుల్లో కూడా మేం ఈ వాదన పెడుతున్నాం. కారణం తెలిసేది వాళ్ళకే. చూపించాల్సిందీ వాళ్ళే.

నిబంధనల్లో నాకు అస్సలు నచ్చని విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. భోజనానికి ప్రయాణం పొడవు చూశారు. రద్దు పరిహారానికీ ప్రయాణం పొడవు చూశారు. రీఫండ్‌కి మాత్రం పొడవు పట్టించుకోకుండా అందరికీ ఆరు గంటలు. గంట ప్రయాణానికి అయిదు గంటలు లేటైనా "నాకు వద్దు, డబ్బు ఇచ్చెయ్యండి, బస్సెక్కి పోతాను" అనే హక్కు లేదు. అయిదు గంటల్లో విజయవాడ బస్సే ఇంటికి చేర్చేస్తుంది కదా! చిన్న రూట్లకి రెండు గంటలు, పోనీ మూడు గంటలు దాటితే రీఫండ్ అడిగే హక్కు ఉండాలి. ఈ మేరకు ఒక వినతిపత్రం రాసి తెచ్చాను, బయట బల్ల మీద ఉంది. నచ్చితే సంతకం చేయండి.

వెనక నుంచి ఒకాయన ఏదో అడుగుతున్నారు. చెప్పండి అన్నా... ఏజెంట్ దగ్గర కొన్నారట, రద్దయిన సంగతి తెలియనే లేదట. ఇది చాలా ఇళ్ళలో జరుగుతోంది. మన వీధి చివర ఏజెంట్ బుక్ చేసేటప్పుడు ప్రయాణికుడి ఫోన్ నంబర్ దగ్గర తన నంబర్ కొడతాడు. మెసేజ్ అతనికి వెళుతుంది. మీ వివరాలు సరిగా ఇవ్వలేదు కాబట్టి పరిహారం రాదని సంస్థ అంటుంది, నిబంధన కూడా అలాగే ఉంది. టికెట్ చేతికి రాగానే సంస్థ యాప్‌లో పీఎన్ఆర్ కొట్టి మీ నంబర్, మీ ఈమెయిల్ ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే అప్పుడే మార్పించండి. రీఫండ్ సంగతి వేరు. ఏజెంట్ దగ్గర కొన్నా రీఫండ్ బాధ్యత విమాన సంస్థదే. ఆ డబ్బును మళ్ళీ వాడుకోండంటూ క్రెడిట్‌గా పెడతామంటే మీకు ఇష్టమైతేనే ఒప్పుకోండి.

అమ్మా, మీరడిగేది విశాఖ నుంచి ఇక్కడికి వచ్చి అమెరికా వెళ్ళడం గురించి కదా. మంచి ప్రశ్న. పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. విశాఖ–హైదరాబాద్ ఒక టికెట్, హైదరాబాద్ నుంచి అమెరికా వేరే టికెట్ కొంటే, మొదటిది లేటై రెండోది తప్పిపోతే రెండో సంస్థకు ఏ బాధ్యతా ఉండదు. రెండూ ఒకే పీఎన్ఆర్‌లో ఉంటే గమ్యం చేర్చే బాధ్యత వాళ్ళదే, సామాను కూడా అక్కడి దాకా వెళుతుంది. నాలుగైదు వేలు ఎక్కువైనా ఒకే టికెట్ కొనండి. వేరువేరుగా కొనక తప్పకపోతే ముందు రోజే హైదరాబాద్ వచ్చి మీ చుట్టాల ఇంట్లో పడుకోండి. అదే రోజు సాయంత్రం విమానానికి వచ్చి రాత్రి అమెరికా విమానం అందుకుందామంటే మాత్రం నేను వద్దనే చెబుతాను.

ఫిర్యాదు ఎక్కడ? ముందు సంస్థకే ఈమెయిల్ రాయండి, తర్వాత కేంద్ర ప్రభుత్వ ఎయిర్‌సేవ యాప్‌లో పెట్టండి. 1915కి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ తెలుగులో కూడా మాట్లాడుతుంది. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, సంస్థ ఆఫీసు ఢిల్లీలో ఉన్నా సరే. టికెట్ విలువ అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్ళ లోపు వేయాలి. శాశ్వత లోక్ అదాలత్ కూడా ఉంది, విమాన సేవలు దాని పరిధిలోకి వస్తాయి. లాయర్ తప్పనిసరి కాదు, నేనే చెబుతున్నాను. మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు, బోర్డింగ్ పాస్, మీరు సంస్థకు రాసిన ఈమెయిల్, ఈ మూడు ఉంటే చాలు. అలాంటివి ఇప్పుడు ఎవరి దగ్గరైనా ఉంటే ఈ బల్ల దగ్గరికి రండి, ఫిర్యాదు ఇక్కడే కూర్చుని రాసేద్దాం.